బోడి దయ్యం ఎక్కని పడవ

సోమవారం అంటే ఒకప్పుడు కినుయోకి పండగ. ఈ మధ్య సోమవారం వస్తోందంటే చాలు, ఆదివారం సాయంత్రం నుంచే కడుపులో మంట మొదలవుతోంది.

ఓనోమిచిలో బ్యూటీ పార్లర్లకి సోమవారం సెలవు. వారమంతా ఊళ్లో ఆడవాళ్ల తలలు కడిగి, కత్తిరించి, రంగులు వేసి, వాళ్ల కోడళ్ల మీద చాడీలన్నీ విని అలిసిపోయిన కినుయో ఆ రోజు షట్టరు సగం మటుకే ఎత్తుతుంది. నడుం వంచి దాని కిందనుంచి లోపలికి వచ్చే హక్కు ఊరు మొత్తం మీద ముగ్గురికే ఉండేది. పక్కనే ఎండుచేపల కొట్టు నడిపే షిజునో, ఎదురుగా తోఫూ చేసి అమ్మే ఇవావో, స్టేషను దగ్గర ఫోటో స్టూడియో పెద్దాయన. పెద్దాయన పోయినేడు ఒసాకాలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు.

వాళ్లు వచ్చేది వీడియో గేమ్ ఆడటానికి. నవ్వితే నవ్వండి, కినుయో ఏమీ అనుకోదు. బజారు వీధిలో ఏడాది చివర పెట్టే లాటరీలో ఆవిడ చక్రం తిప్పితే ఎర్ర గోళీ రాలింది. గంట మోగించి, గేమ్ మిషన్ చేతిలో పెట్టారు. డ్రైయర్ కింద కూర్చునేవాళ్లకి కాలక్షేపంగా ఉంటుందని పార్లర్లో పెడితే, వాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేదు. ఒక సోమవారం షిజునో ఊరికే నొక్కి చూసింది. ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరూ అన్నం సంగతి మర్చిపోయారు.

ఆట పిల్లలదే. రెండు అరచేతులు కలిపితే పట్టేంత తెర. దాని మీద దేశం చుట్టూ ఉన్న సముద్రమంతా గళ్లుగా గీసి ఉంటుంది. నలుగురికి నాలుగు పడవలు. ఒకరు బటన్ నొక్కి పాచిక వేసి, పడినన్ని గళ్లు ఎటు కావాలంటే అటు పడవ నడిపి, మిషన్ పక్కవాళ్ల చేతికివ్వాలి. ఫలానా రేవు చేరండి అని మిషనే చెబుతుంది. ముందు చేరినవాళ్ల పడవలోకి ఆ ఊరి సరుకు బుట్టలు బుట్టలుగా ఎక్కుతుంది. హకొదతె అయితే స్క్విడ్ చేపలు, నాగసాకి అయితే కేకులు. చివరికి ఎవరి పడవలో బుట్టలు ఎక్కువుంటే వాళ్లు గెలిచినట్టు.

ఇంతవరకే అయితే ఆ ఆట ఎప్పుడో అటకెక్కేది. అందులో బోడి దయ్యం ఉంది. సముద్రంలోంచి నున్నటి గుండుతో లేస్తుంది. ఒకరు రేవు చేరగానే, అందరికంటే దూరంగా ఉన్నవాళ్ల పడవెక్కి కూర్చుంటుంది. ఇక ప్రతి వంతుకీ బుట్టలు నీళ్లలోకి విసిరేస్తుంది, తెరచాప చింపుతుంది. ఏడాది లెక్క ముగిసే మార్చి నెలాఖరున ఎవరి పడవలో ఉంటే వాళ్ల సరుకులో సగం మింగేస్తుంది. దాన్ని వదిలించుకోవడానికి ఒకటే దారి. మన పడవ ఇంకొకరి పడవని తాకాలి, లేదా దాటాలి. తాకిందా, ఒక్క గెంతులో అవతలి పడవలోకి దూకుతుంది. మనం ఖాళీగా ఉండి, దయ్యం ఉన్న పడవని మనమే తాకినా, దాటినా అంతే. అది మనకి ఎక్కుతుంది.

దయ్యాన్ని ఎవరి మీదికి తోస్తారనే దానిలోనే ఉంది అసలు సంగతంతా. కినుయో ఎప్పుడూ షిజునో మీదికే తోసేది. షిజునో ఎప్పుడూ కినుయో మీదికే. ఇవావో పడవ పక్క గడిలో కాళ్లు చాపుకుని ఉన్నా సరే, దాన్ని వదిలేసి, నాలుగు వంతులు తిరిగి వచ్చి మరీ ఒకరినొకరు ముంచుకునేవాళ్లు. "నేనిక్కడ ఉన్నాను అక్కా, కొంచెం నన్ను కూడా పట్టించుకోండి" అని ఇవావో మొత్తుకునేవాడు. వాళ్లు వినేవాళ్లు కాదు. నలభై ఏళ్లుగా గోడకి ఇటొకరు అటొకరు బతికినవాళ్లు. ఒకరి పురుళ్లు ఒకరు పోసుకున్నారు, ఒకరి మొగుణ్ణి ఒకరు తిట్టుకున్నారు. ఆ తిట్లకి కొనసాగింపుగా ఉండేది ఈ ఆట.

తర్వాత షిజునోకి రొమ్ములో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేశారు. మందులు ఎక్కించారు. జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే ఒక రోజు షట్టరు తెరవకముందే వచ్చి కుర్చీలో కూర్చుంది.

"కానీయవే. మొత్తం తీసెయ్."

కినుయో ఏడవలేదు. జుట్టు తీసే మిషన్ పెట్టి గొరుగుతూ, "నీ తల ఇంత గుండ్రంగా ఉంటుందని తెలిస్తే పెళ్లప్పుడే తీసేదాన్ని కదే" అంది. షిజునో అద్దంలో చూసుకుని పకపకా నవ్వింది. ఊలు టోపీ పెట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ అటు వెళ్లాక కినుయో నేల ఊడుస్తూ, ఆ వెంట్రుకలు చేటలోకి ఎత్తుతూ అప్పుడు ఏడ్చింది.

ఆ పై సోమవారమే ముప్పై ఏళ్ల ఆట మొదలుపెట్టారు. వారానికి ఒక ఏడు చొప్పున ఆడితే ముప్పై సోమవారాలు. పెద్దాయన చోటులో మిషన్ తనంతట తానే ఆడేలా పెట్టారు, ఆ సౌకర్యం అందులో ఉంది. రెండో వంతుకో మూడో వంతుకో దయ్యం కినుయో పడవెక్కింది. రెండు గళ్ల దూరంలో షిజునో పడవ. తెర మీద ఆ గుండు నిగనిగలాడుతూ పళ్లికిలిస్తోంది. పక్కన టోపీ కింద షిజునో ముఖం పాలిపోయి ఉంది. కినుయో చెయ్యి ఆడలేదు. పడవ తిప్పేసుకుని, దూరంగా వెళ్లి, ఇవావో మీదికి తోసింది.

ఇవావో ఒకడే అదిరిపడ్డాడు. "నా మీదికా? కలా ఇది?"

అప్పటినుంచి కినుయో షిజునో పడవ జోలికి పోలేదు. దాన్ని ప్రేమ అనుకుంది, కాదని ఎవరైనా అంటే నాలుగు దులిపేసేది. కొన్నాళ్లకి షిజునో కూడా కినుయో పడవని తప్పించుకుని పోవడం మొదలుపెట్టింది. నీరసం కాబోలు, కొట్లాడే ఓపిక లేదు కాబోలు అనుకుని కినుయో సరిపెట్టుకుంది. ఆట చప్పగా సాగింది. టీ తాగేవాళ్లు, కమలాలు ఒలుచుకునేవాళ్లు, వానల గురించి మాట్లాడుకునేవాళ్లు.

అప్పుడు వచ్చింది రిత్సుకో.

తెచ్చింది కినుయోనే, తన చేతులారా. రిత్సుకో కోబెలో పియానో టీచరుగా చేసి, రిటైరై, కొండ మీద సముద్రం కనిపించే పాత ఇల్లు కొనుక్కుని వచ్చింది. తల నెరిసినా రంగు వెయ్యదు, ఆ తెలుపే ఆవిడకి ఒక నగ. పార్లర్లో జుట్టు కత్తిరించుకుంటూ, ఈ ఊళ్లో తెలిసినవాళ్లు లేరండీ అని నోరు జారింది. కినుయో మనసు కరిగి, సోమవారం రండి, నాలుగో చోటు ఖాళీగా ఉంది అంది. ఆ మాటని తర్వాత ఎన్నిసార్లు మింగాలనుకుందో.

మొదటి రోజే రిత్సుకో పడవకి దయ్యం ఎక్కింది. ఎదురుగా షిజునో పడవ. షిజునో జబ్బు సంగతి కొత్త మనిషికి తెలియదు, టోపీ ఏదో ఫ్యాషన్ అనుకుంది. రిత్సుకో సన్నటి వేళ్లతో బటన్ నొక్కింది, తిన్నగా వెళ్లి షిజునోని గుద్దింది.

"అయ్యో, తగిలిందా? క్షమించండి షిజునో గారూ, ఇది మీరే ఉంచుకోండి."

కినుయో నోరు తెరిచేలోగా షిజునో ముందుకి వంగింది. చాలా రోజులుగా ఎక్కడికో పోయిన రక్తమంతా మొహంలోకి వచ్చేసింది. "వచ్చి గంట కాలేదు, అప్పుడే నా మీద ఎక్కించారా? ఉండండి, మీ పని చెప్తా" అని, క్యూషూ దీవి చుట్టూ రిత్సుకో పడవని తరిమి తరిమి పట్టుకుంది. పట్టుకున్నాక కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

కినుయో కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది.

ఆ రోజు నుంచి దయ్యం రిత్సుకో, షిజునోల మధ్యే తిరిగింది. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. కినుయో పడవ కావాలనే వాళ్ల దారికి అడ్డంగా వెళ్లి నిలబడేది. ఇదిగో, ఇక్కడున్నాను, గుద్దవే అన్నట్టు. షిజునో వేలితో గళ్లు లెక్కపెట్టి, తాకకుండా, ఎంతో మర్యాదగా పక్కనుంచి వెళ్లిపోయేది. "ముందు మీరు వెళ్లండి" అని దారిచ్చినట్టు. నలభై ఏళ్ల స్నేహంలో ఆ మర్యాద కినుయో ఎన్నడూ ఎరగదు. తెలియనివాళ్లకి ఇచ్చే మర్యాద అది. చెంపదెబ్బ అయితే ఓర్చుకునేది.

కినుయోకి ఒళ్లు మండిపోయేది. రిత్సుకో గొంతు వింటే మంట, ఆవిడ తెచ్చే కాఫీ కేకు చూస్తే మంట, సన్నటి ఆ వేళ్లు మరీ మంట. ఒకసారి రిత్సుకో జుట్టు కత్తిరిస్తూ కక్ష కొద్దీ ముందు జుట్టు వేలెడు ఎక్కువే తెగ్గొట్టింది. తీరా చూస్తే అది ఆవిడకి అద్భుతంగా కుదిరింది. సోమవారం వచ్చిన షిజునో, "ఎంత బావుందండీ, పదేళ్లు తగ్గారు" అంది. కత్తిరించిన చేతుల గురించి ఒక్క మాట లేదు. ఆ రాత్రి కినుయో ఆ కత్తెరని కూడా తిట్టుకుంది.

ముప్పయ్యో ఏడు ఆడాల్సిన వారంలో, గురువారం నాడు, ఇవావో పార్లర్ గుమ్మంలో వేయించిన తోఫూ పొట్లం పట్టుకుని నిలబడ్డాడు.

"దోగో వెళ్తున్నారటగా అక్కా, వేడినీళ్ల స్నానాలకి. నాకు కూడా ఏమైనా మిఠాయి తెండి."

"ఎవరు వెళ్తున్నారు?"

"అదేంటి, షిజునో అక్కా, రిత్సుకో గారూ. నువ్వు కూడా అనుకున్నానే." కినుయో మొహం చూసి ఇవావో పొట్లం బల్ల మీద పెట్టేశాడు. "నేను వెళ్తానక్కా, కొట్లో ఎవరూ లేరు" అని ఎదురుగా కనిపిస్తున్న కొట్లోకే పరిగెత్తాడు.

కినుయో ఆ పొట్లం విప్పలేదు. దోగో. అందరితో పాటు ఒంటి మీద నూలుపోగు లేకుండా వేడినీళ్లలో దిగే చోటు. షిజునో ఆపరేషన్ అయ్యాక అలాంటి చోటికి పోలేదు. పోవాలంటే ఆ మచ్చ చూపించాలి. చూపించాలంటే ముందే చెప్పాలి. అంటే చెప్పేసింది. కట్లు మార్చిన తనని కాదని, జుట్టు తీసిన తనని కాదని, నిన్న గాక మొన్న దిగిన ఆ తెల్ల జుట్టావిడకి చెప్పేసింది. ఆ రహస్యం ఒక్కటైనా తనకి మిగిలి ఉందనుకుంది ఇన్నాళ్లూ. అది కూడా పట్టుకుపోయింది.

ఇక ఆ ఆటలో తనకేం పని? ఈ సోమవారంతో సరి. వాళ్లకి కావాలంటే రిత్సుకో ఇంట్లో, ఆ పియానో మీద పెట్టుకుని ఆడుకుంటారు.

సోమవారం ముగ్గురూ షట్టరు కిందనుంచి వంగి వచ్చారు. రిత్సుకో ఆ రోజు ఎందుకో కేకు తేలేదు, మాటలు కూడా తక్కువగా ఉన్నాయి. పదే పదే షిజునో వెనక దిండు సర్దుతోంది, "చలిగా ఉందా, తలుపు వెయ్యనా" అంటోంది. కినుయో అదంతా చూసి పళ్లు నూరుకుంది.

"నా చోటులో మిషన్ని పెట్టెయ్యండి. తువ్వాళ్లు కొండలా పడున్నాయి, మడతలు పెట్టుకోవాలి" అంది.

"ఆఖరి ఏడు కదా అక్కా" అన్నాడు ఇవావో.

"ఎవరాడితే ఏం? ఎలాగూ నా పడవని ఎవరూ చూడరు."

షిజునో తలెత్తి ఆవిడ వంక ఒక క్షణం చూసింది. రెండు బటన్లు నొక్కింది. తెర మీద కినుయో పేరు పక్కన చిన్న చక్రం గుర్తు వచ్చింది. ఇక ఆ పడవ తనంతట తానే నడుస్తుంది.

కినుయో వాళ్లకి వీపు పెట్టి తువ్వాళ్లు ముందేసుకుంది. ఎదురుగా అద్దం ఉంది. పార్లర్లో ఎటు తిరిగినా అద్దమే, చూడకూడదనుకున్నదంతా కనబడుతుంది. బుట్టల్లో షిజునో అందరికంటే ముందుంది. కొంచెం వెనక ఇవావో. ఈ ఏడు గట్టెక్కితే గెలుపు షిజునోదే. జబ్బులో మొదలుపెట్టిన ఆట, గెలిచి చూపిస్తానని ఆస్పత్రిలో నర్సులతో కూడా పందెం కాసింది.

ఏడాది సగంలో దయ్యం కినుయో పడవకి ఎక్కింది. కినుయో పడవ అంటే ఇప్పుడు మిషనే. మిషన్‌కి మొహమాటాలేం తెలుసు? దగ్గరలో ఎవరుంటే వాళ్ల మీదికే. పాచిక దొర్లింది, పడవ తిన్నగా వెళ్లి షిజునో పడవని ఢీకొట్టింది. దయ్యం గెంతింది. రెండు బుట్టలు నీళ్లపాలు.

షిజునో తొడ చరుచుకుంది. "అదిగో. అదీ కినుయో అంటే. మనిషి మర్చిపోయినా మిషన్‌కి గుర్తుంది."

అద్దంలో ఆ నవ్వు మొహం చూసి కినుయో చేతిలో తువ్వాలు నలిగిపోయింది. చక్రం గుర్తు వేసుకున్న తన పేరుని చూసి షిజునో నవ్వుతోంది. ప్రాణం ఉన్న తనని చూసి నవ్వి ఎన్నాళ్లయింది? ఇన్నాళ్లూ పియానో టీచరు మీద మాత్రమే ఉన్న ఏడుపు ఇప్పుడు ఆ ప్లాస్టిక్ ముక్క మీద కూడా మొదలైంది. తన చోటులో కూర్చున్న తన పేరు మీదే తనకి అసూయ. ఇంతకన్నా దిగజారడం ఉంటుందా అనుకుంది.

షిజునో ఆ దయ్యాన్ని ఎప్పటిలాగే రిత్సుకో మీదికి తోసింది. "తీసుకోండి. మార్చి దగ్గర పడుతోంది, జాగ్రత్త."

ఫిబ్రవరి గడిచి మార్చి వచ్చింది. ఆఖరి చుట్టు. దయ్యం రిత్సుకో దగ్గరే ఉంది. షిజునో పడవ షిమొనోసెకి జలసంధి ముందు ఆగి ఉంది, రిత్సుకో పడవ దాని వెనకే రెండు గళ్లలో ఉంది. ముందు వంతు రిత్సుకోది. పాచిక వేసింది. ఐదు పడింది. ముందుకి నడిపితే చాలు, షిజునోని దాటడం ఖాయం.

ఇవావో కుర్చీ ముందుకి లాక్కున్నాడు. షిజునో రెండు చేతులూ ముడిచి, దెబ్బకి సిద్ధమైన చిన్నపిల్లలా కళ్లు చికిలించి, పెదవి కొరుక్కుంటూ కూర్చుంది. ఆ ముఖంలో ఉన్నది భయం కాదు, ఆత్రం.

రిత్సుకో సన్నటి వేలు ఆగింది. ఒకసారి షిజునో టోపీ వైపు చూసింది, ఒకసారి ఆవిడ ఛాతీ వైపు చూసి చప్పున చూపు తిప్పుకుంది. పడవని వెనక్కి తిప్పింది. ఐదు గళ్లూ తూర్పుగా, షిజునోకి దూరంగా నడిపి, మిషన్ మెత్తగా బల్ల మీద పెట్టింది.

"నా దగ్గరే ఉండనివ్వండి. ఫరవాలేదు" అంది, ఎంతో మృదువుగా.

షిజునో ముఖంలో దీపం ఆర్పినట్టయింది. చేతులు ఒళ్లోకి జారాయి. "మీరు కూడానా, రిత్సుకో గారూ" అంది.

తువ్వాలు మడత మధ్యలో కినుయో చేతులు ఆగిపోయాయి. కూడానా? రిత్సుకో కూడా అంటే, ముందు ఎవరు?

ఎవరేమిటి. ఆ ముఖం తనకి తెలుసు. సరిగ్గా ఆ ముఖమే, ఆ చేతులు ఒళ్లోకి జారడమే, తను మొదటిసారి పడవ తిప్పుకున్న రోజు చూసింది. చూసి, నీరసం అనుకుంది. ఆవిడకి కాఫీలో చక్కెర ఎంతో, మోకాలు ఏ వాతావరణానికి నొప్పెడుతుందో తెలిసిన తను, ఆ ముఖాన్ని నీరసం అనుకుంది. గుండు గొరుగుతూ వేళాకోళం ఆడినంతసేపు షిజునో నవ్వింది. ఆ పై వారం తను పడవ తిప్పి, దయ్యాన్ని తప్పించి, "నువ్విక మాలో లేవు" అని చెప్పేసింది. అప్పుడు ఎవరో ఏమీ తెలియని మనిషి వచ్చి తిన్నగా గుద్దింది. నవ్వదూ మరి? నలభై ఏళ్లు తెలిసిన తను చెయ్యలేని పని, గంట కూడా తెలియని మనిషి తెలియకుండానే చేసింది. ఆ ఆలోచనకి కినుయోకి సిగ్గూ అసూయా ఒకేసారి కమ్ముకొచ్చాయి, ఏది ఏదో తెలియలేదు. ఇంకొకటి కూడా వచ్చింది. చెప్పుకోకూడదు గానీ, సంతోషం. రిత్సుకో ఈ రోజు తప్పటడుగు వేసింది.

"ఆపేద్దాంలే. ఎవరు గెలిస్తే ఏముంది. నాకు కొంచెం అలసటగా ఉంది" అని షిజునో లేవబోయింది.

"కూర్చో" అంది కినుయో. వచ్చి, తువ్వాళ్లు ఇవావో ఒళ్లో పడేసి, మిషన్ అందుకుంది. "తర్వాత వంతు ఎవరిది?"

"నీదే అక్కా. అంటే, మిషన్‌ది."

"మిషన్ లేదు, గిషన్ లేదు. తియ్యి ఆ చక్రం." తనే రెండు బటన్లు నొక్కింది. చక్రం గుర్తు పోయింది. కినుయో పడవ తూర్పున, రిత్సుకోకి కొంచెం వెనగ్గా ఉంది. మధ్యలో దయ్యంతో రిత్సుకో, ఆ ముందు షిజునో. మిషన్ ఈ ఏడంతా పిసినారిలా దాచి పెట్టిన తోడుగాలి చీటీ ఒకటి సరుకులో ఉంది. అది వాడితే ఒక్క వంతుకి మూడు పాచికలు. కినుయో దాన్ని నొక్కింది.

రిత్సుకోకి అర్థమైంది. "కినుయో గారూ, వద్దండీ. మీ పడవ నన్ను దాటితే దయ్యం మీకెక్కుతుంది. ఆ తర్వాత షిజునో గారు... ఆవిడ గెలుస్తున్నారు. పైగా ఆవిడకి ఒంట్లో..."

"ఒంట్లో ఏమైంది?" అంది కినుయో. "పాచిక వేసేది చేత్తో. చెయ్యి దుక్కలా ఉంది."

షిజునో లేవబోయినదల్లా ఆగింది. కూర్చుంది. టోపీ వెనక్కి తోసుకుని తెర వైపు వంగింది.

కినుయో బటన్ మీద వేలు పెట్టింది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ ఆవిడకి ఇష్టం లేదు. ముప్పై సోమవారాల కష్టం, నర్సులతో కాసిన పందెం, ఆ పాలిపోయిన బుగ్గలు, అన్నీ కళ్ల ముందున్నాయి. ఆ గుండు మళ్లీ పళ్లికిలిస్తోంది. ఈసారి తిప్పుకుంటే షిజునో గెలుస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు, ఆవిడ ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంటుంది.

నొక్కింది. మూడు పాచికలు దొర్లి ఆరు, ఐదు, మూడు పడ్డాయి. పడవ పడమరగా దూసుకెళ్లింది. రిత్సుకోని దాటింది, దయ్యం గెంతి కినుయోకి ఎక్కింది. ఆగలేదు. షిజునో పడవని రాసుకుంటూ పోయింది, దయ్యం మళ్లీ గెంతింది. కినుయో పడవ ఖాళీగా జలసంధి దాటి అవతల నిలబడింది.

మిషన్ షిజునో చేతికి వచ్చింది. ఆవిడ పాచిక వేస్తే ఒకటి పడింది. చుట్టూ వెతికింది, ఒక్క గడి దూరంలో ఏ పడవా లేదు. ఇవావో చేతికి వెళ్లింది, తిరిగొచ్చింది. మార్చి ముగిసింది. దయ్యం కొండంత పెరిగి, నోరు తెరిచి, ముప్పై ఏళ్లుగా షిజునో కూడబెట్టిన స్క్విడ్ చేపలూ కేకులూ నారింజలూ సగానికి సగం కరకరా నమిలేసింది. బాకాలు ఊదారు. తెర నిండా ఇవావో పేరు వచ్చింది.

"నేనా?" అన్నాడు ఇవావో, ఒళ్లో తువ్వాళ్లతో. "నేను గెలిచానా? నేనేం చేశాను?"

ఎవరూ అతణ్ణి పట్టించుకోలేదు. షిజునో తెర వంకే చూస్తోంది. భుజాలు ఎగసిపడుతున్నాయి. రిత్సుకో కంగారుగా ఆవిడ వీపు మీద చెయ్యి వెయ్యబోయింది.

"దొంగమొహమా" అంది షిజునో. తలెత్తింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆవిడకే తెలియనట్టుంది. "ముప్పై ఏళ్లే! ఒక్క అడుగులో ముంచేశావు. నీ చేతులు పడిపోను. ఆఖరి వంతులో ఎవరైనా చేస్తారా ఆ పని? మనిషివేనా నువ్వు?"

"కాదులే. మిషన్‌ని."

"ఎక్కడ చచ్చావే ఇన్నాళ్లూ?"

కినుయోకి చాలా చెప్పాలనిపించింది. గుండు, దయ్యం, చెయ్యి ఆడకపోవడం. చివరికి, "ఇక్కడే, నీ పడవ చుట్టూ తిరుగుతున్నా, మూర్ఖురాలిలా" అంది.

"తెలుసు. చూస్తూనే ఉన్నా. నువ్వు నన్ను తప్పించుకుని అవతలికి పోయినప్పుడల్లా నా శవం పక్కనుంచి పోతున్నట్టుండేది. అందుకే నేనూ తిప్పుకున్నా. ఎలా ఉంటుందో నీకూ తెలియాలని."

"తెలిసింది."

"దోగో కూడా అందుకే. నువ్వొస్తే నీళ్లలో నా వంక చూడకుండా గోడ వంక చూస్తావు. అదొక నరకం."

రిత్సుకో తల దించుకుంది. "నేనూ చూడలేనేమో షిజునో గారూ. చెప్పినప్పటి నుంచీ నిద్ర లేదు" అంది చిన్నగా. తన తప్పేమిటో అప్పటికి ఆవిడకీ తెలిసింది. కినుయోకి మొదటిసారి ఆవిడ మీద జాలేసింది. ఎక్కువేం కాదు, కొంచెం.

షిజునో ముక్కు తుడుచుకుని మిషన్ దగ్గరికి లాక్కుంది. కొత్త ఆట అని నొక్కింది. ఎన్నేళ్లు అని అడిగింది మిషన్. పది దగ్గర మొదలైన అంకె ముప్పై దాటింది, యాభై దాటింది. ఆవిడ వేలు తియ్యలేదు.

"ఏమిటక్కా, వందా?" అన్నాడు ఇవావో. "వారానికి ఒకటి చొప్పున అంటే ఎన్నాళ్లు పడుతుందో లెక్కేశావా?"

"వేశాను" అంది షిజునో. వంద దగ్గర వేలు తీసి, నాలుగు పేర్లూ ఎక్కించింది. ఒక్కదాని పక్కనా చక్రం గుర్తు లేదు. తర్వాత కినుయో వైపు తిరిగింది. "దయ్యం నా పడవెక్కడం ఆలస్యం, మొదట ముంచేది నిన్నే. ఎక్కడ దాక్కున్నా సరే."

రిత్సుకో ఆ మాట విందో లేదోనని కినుయో ఓరకంట చూసింది. వింది.